మరక పోలేదన్న గుర్తు

ఆ వీధి చివర మూతబడ్డ లాండ్రీ ఒకటుంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు. నడవక తప్పకపోతే అవతలి గోడ రాసుకుంటూ పోతారు.

బాయిలరు చల్లారి ఏళ్లయింది. అయినా లోపల్నించి ఆవిరి వదిలిన చప్పుడు వస్తుందట. బుస్స్... మని ఒకసారి. కాసేపాగి మళ్లీ ఒకసారి. రాత్రి కాపలాకి పెట్టిన ముసలాయన తలుపు సందులోంచి తొంగి చూశాడట. సిమెంటు తొట్టి అంచు మీద తడి చెయ్యి ఆనించిన అచ్చు కనబడింది. ఆ తొట్టిలో చుక్క నీళ్లుండవు. మర్నాటి నుంచి ఆయన కాపలా కాసింది తన మంచాన్నే.

విన్నవాళ్లు విన్నదానికి నాలుగు కలిపి చెప్తారు. నేను కలపను. నాకు తెలిసినంతే చెప్తాను.

ఇది మడతక్కకి జరిగింది. లాండ్రీ నడిచినన్నాళ్లూ ఆమె పని దుప్పట్లు మడత పెట్టడం. అందుకే వీధి మొత్తానికి మడతక్క. ఇప్పుడు ఇంట్లోనే ఇస్త్రీ బల్ల వేసుకుని, కూతురితో ఉంటోంది. కోపం వస్తే ఆమె అరవదు. ఇస్త్రీ పెట్టె కాస్త గట్టిగా నొక్కుతుంది, అంతే. ఆ చప్పుడు వినే పక్కింటివాళ్లు, "ఇవాళ మడతక్క జోలికి పోకండి" అనుకుంటారు.

లాండ్రీలో ఆమె తల్లిది ఇంకో పని. మాసిన బట్టలన్నీ ముందు పై అంతస్తుకి చేరేవి. ప్రతి బట్టకీ లోపలి అంచున ఎర్రదారంతో ఒక గుర్తు కుట్టేది తల్లి — ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. తర్వాత వాటిని రేకు గొట్టంలోంచి కిందికి జార్చితే సరాసరి తొట్లలో పడేవి. ఎన్ని ఇళ్ల బట్టలు ఒకే నీళ్లలో నానినా, చివరికి ఎవరి బట్ట వాళ్లింటికే చేరాలి.

ఉతికాక కూడా మరక మిగిలిపోతే దానికీ ఒక గుర్తుండేది. మెడపట్టీ వెనక రెండు కుట్లు, ఇంటూ మార్కులా. మరక పోలేదు, మళ్లీ తొట్టిలో వెయ్యండి అని అర్థం. ఆ కుట్టు వేసే హక్కు తల్లి ఒక్కదానిదే. కత్తెర వాడేది కాదు. దారం పంటితో తెంపేది. కొస చీలి, చీపురు పుల్లలా నిక్కి ఉండేది.

మడతక్కకి ఒక తమ్ముడు. లోకానికి రచయితగారు, తల్లికి మాత్రం చంటి. చిన్నప్పుడు బడి అయ్యాక కింద తొట్ల పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేవాడు. పైనుంచి తల్లి గొట్టంలో నోరు పెట్టి, "చంటీ... చదువుతున్నావా, నిద్రపోతున్నావా?" అనేది. రేకులోంచి దొర్లుకుంటూ వచ్చే ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది. వాడు ఉలిక్కిపడితే కింద పనివాళ్లందరూ నవ్వేవాళ్లు.

తల్లి గొంతు అచ్చంగా మడతక్కకి వచ్చింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఆ ఆదివారం గ్రంథాలయం హాల్లో తమ్ముడికి సన్మానం. మడతక్క పొద్దున్నే వాడి చొక్కా ఇస్త్రీ చేసి పంపి, కూతురిని తీసుకుని వెళ్లింది. చివరి వరసలో కూర్చున్నారు.

ముందు వరసలో కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన లేచాడు. "మీకు కథలు ఎక్కడి నుంచి వస్తాయండీ?"

తమ్ముడు గడ్డం కింద వేలు పెట్టుకుని పైకి చూశాడు. పైన ఫ్యాను తప్ప ఏమీ లేదు. "నేను వెతకనండీ. అవే వచ్చి నా తలుపు తడతాయి."

చప్పట్లు.

"మీరు రాసిన అమ్మ కథ చదివి మా ఇంట్లో అందరూ ఏడ్చారండీ. కొడుకు ఎక్కడో దూరదేశంలో ఉంటే, ఆ తల్లి మంచం మీద మూడుసార్లు మంచినీళ్లడగడం... ఆ మాటలు మీకెలా తట్టాయండీ?"

"ఊహ" అన్నాడు తమ్ముడు, గొంతు తగ్గించి. "ఏడుస్తూ ఊహించాను."

మడతక్కకి ఆ రాత్రి గుర్తొచ్చింది. తల్లి పోయిన రాత్రి ఆమె డాక్టరు కోసం పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. పక్కగదిలో ఉన్న తమ్ముడు కళ్లు నులుముకుంటూ బయటికొచ్చి, "నిద్రపట్టేసిందక్కా" అన్నాడు. ఏం చేస్తాం, అలిసిపోయాడు కాబోలు అనుకుంది. తర్వాత వాడు కథ రాస్తే, చూడనిదాన్ని అంత బాగా ఎలా ఊహించాడా అని తనే వాడి తల నిమిరింది.

"కొత్త కథ ఏదైనా రాశారా?" అని ఎవరో అడిగారు.

"రాశాను. వచ్చే వారం పత్రికకి ఇస్తున్నాను. మొదటి పేజీ వినిపిస్తాను" అని కాయితాలు తీశాడు.

ఒక అమ్మాయి రాత్రిపూట ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. స్టేషన్లో బల్ల మీద కూర్చుని ఉంటుంది. వెతుక్కుంటూ వచ్చిన తాతయ్యతో అంటుంది — "నేను పోతే ఇంట్లో ఒక కంచం తక్కువ కడుగుతారు. అంతేగా తాతయ్యా."

పక్కన కూతురి చెయ్యి చల్లగా అయిపోవడం మడతక్కకి తెలిసింది.

ఆ మాట ఆ పిల్లదే. ఎండాకాలంలో ఒక రాత్రి వెళ్లిపోయింది. వెతికి తెచ్చింది ఈ మేనమామే. దారంతా వాడి భుజం మీద తలపెట్టి ఏడుస్తూ చెప్పుకుంది. మావయ్యా అన్నచోట తాతయ్యా అని ఉంది. మిగతాదంతా ఉన్నదున్నట్టే. ఎందుకు వెళ్లిందో నాకు తెలుసు. ఇక్కడ చెప్పను. చెప్తే నేనూ వాడూ ఒకటే.

"అమ్మా... ఇంటికెళ్దాం" అంది పిల్ల. పెదవులు మాత్రమే కదిలాయి.

సాయంత్రం తమ్ముడు మెడలో దండ వాసన ఇంకా పోకుండానే అక్క ఇంటికొచ్చాడు. సన్మానం బాగా జరిగిందని చెప్పడానికి. మడతక్క ఇస్త్రీ పెట్టె దించలేదు.

"ఆ కథ పత్రికకి ఇవ్వకురా."

"ఎందుకక్కా? పేరు మార్చాను. ఊరు మార్చాను. మావయ్యని తాతయ్యని చేశాను."

"రోలరు పిన్నికీ పేరు మార్చావు. చెయ్యి మార్చలేదు."

రోలరు పిన్ని లాండ్రీలో దుప్పట్లు పిండే రోలరు దగ్గర పనిచేసేది. అందులో మూడు వేళ్లు పోయాయి. ఎలా పోయాయో, ఆ వేళ తను ఎందుకు పరధ్యానంగా ఉందో మడతక్క ఒక్కదానికే చెప్పుకుంది. మడతక్క తమ్ముడికి చెప్పింది. తమ్ముడు లోకానికి చెప్పాడు. ఆ తర్వాత పిన్ని వీధిలోకి రావడం మానేసింది. కూరలు కూడా కిటికీలోంచే కొంటుంది.

"కథలు ఎవరి సొంతం కాదక్కా. గాలి లాంటివి."

"మా పిల్ల ఏడుపు నీకు గాలి అయిందా?" ఇస్త్రీ పెట్టె బల్ల మీద ఠప్పుమంది. "సొమ్మొకడిది సోకొకడిదనీ... అమ్మ అన్నేళ్లు అక్కడ కూర్చుని ఏం కుట్టిందిరా? ఎవరి బట్ట వాళ్లకి చేరాలని కుట్టింది. తొట్టిలో పడింది కదా అని తీసి తొడుక్కుని ఊరేగమని కాదు."

"నీకు అర్థం కాదులే. ఇది అచ్చయితే మన పిల్లే గర్వపడుతుంది."

లోపలి గదిలో పిల్ల తలుపు గడియ పెట్టుకుంది. ఆ చప్పుడు ఇద్దరికీ వినబడింది. ఒక్కరే తల దించుకున్నారు. అది తమ్ముడు కాదు.

కాసేపటికి వాడే తేలిగ్గా నవ్వాడు. "సరే, నాకు వేరే కథ కావాలి. వచ్చే వారానికి. ఆ లాండ్రీలో దెయ్యం ఉందంటున్నారుగా — అక్కడ ముప్ఫై ఏళ్లు పనిచేశావు, దాని సంగతి చెప్పు. బాగుంటే నీ కూతురి కథ పక్కన పెడతాను."

మడతక్క వాడి మొహంలోకి చూసింది. తమాషాకి అనలేదు. బేరమాడుతున్నాడు.

"నాకు తెలీదు" అంది నెమ్మదిగా. "కావాలంటే నువ్వే వెళ్లి అడుగు. రాత్రి పదింటికి బట్టలు దిగేచోట నిలబడితే మాట్లాడుతుందంటారు."

"ఎవరు?"

"వెళ్లు. కథలే వచ్చి నీ తలుపు తడతాయిగా. ఈసారి నువ్వే వెళ్లి తట్టు."

వెనకవైపు మెట్ల తాళంచెవి ఇంకా మడతక్క దగ్గరే ఉంది. లాండ్రీ మూసిన రోజు చివరగా తాళం వేసింది తనే. తీసుకోడానికి ఎవరూ రాలేదు.

తమ్ముడి కంటే ముందే వెళ్లింది. దీపం లేదు. అవసరమూ లేదు, ఆ మెట్లు కాళ్లకి తెలుసు. పై గదిలో తల్లి కూర్చున్న పీట అక్కడే ఉంది. సోడా, తడి నూలు, పాత సబ్బు వాసన... ఇన్నేళ్లయినా గోడల్ని వదల్లేదు.

రేకు గొట్టం మూత తీసి, పక్కన కూర్చుంది.

భయం వెయ్యలేదు. కోపంతో ఉన్న మనిషికి దెయ్యం అడ్డొచ్చినా అదే పక్కకి జరుగుతుంది.

కింద తాళం ఊడిన పాత షట్టరు కిర్రుమంది. అడుగులు. టార్చి వెలుతురు గొట్టంలోంచి పైకి సన్నగా పాకి, ఆమె చెంప మీద పడి, పోయింది.

"ఎవరైనా... ఉన్నారా?" తమ్ముడి గొంతు. సభలో ఉన్నంత బలం లేదు.

మడతక్క నోరు గొట్టం దగ్గర పెట్టింది.

"చంటీ..."

కింద టార్చి జారిపడింది. దొర్లి... ఆగింది.

"చంటీ... చదువుతున్నావా, నిద్రపోతున్నావా?"

ఊపిరి పీల్చిన చప్పుడు. చాలాసేపటికి, సన్నగా — "అమ్మా?"

ఆ పిలుపుకి మడతక్కకి గుండె ఒక్క క్షణం కలుక్కుమంది. పిల్ల చల్లటి చెయ్యి గుర్తొచ్చింది. మళ్లీ గొట్టం మీదికి వంగింది.

"పిల్ల కథ రాయకు. నీ భుజం మీద ఏడ్చింది. నీకు ఇచ్చింది కన్నీళ్లు, కాయితాలు కాదు. పక్కన పెట్టు."

గొట్టంలో టార్చి వెలుతురు మళ్లీ కదిలింది.

"వింటున్నావా?"

అప్పుడు వినబడింది... గొట్టంలోంచి పైకి, సన్నగా, ఎలుక కొరుకుతున్నట్టు —

గరగర... గరగర...

ముందు ఏమిటో తెలియలేదు. తెలిశాక ఒళ్లు భగ్గుమంది. రాసుకుంటున్నాడు. తల్లి చచ్చి తిరిగొచ్చి బతిమాలుతోందని నమ్ముతూ కూడా — జేబులోంచి కాయితం తీసి రాసుకుంటున్నాడు.

మడతక్కకి ఇంక మాట రాలేదు. వస్తే దెయ్యం మాట రాదు, తన మాటే వస్తుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లేచింది. తలుపు మూసి, తాళం వేసి, మెట్లు దిగి ఇంటికొచ్చేసింది. ఆమె కోపం చూసి వీధి కుక్కలు కూడా మొరగలేదంటారు.

ఆ రాత్రి నిద్రలేదు. ఇంక ఏ దారీ లేదనుకుంది. తెల్లారగానే పత్రిక ఆఫీసు ముందు కూర్చుంటానని నిశ్చయించుకుంది.

తెల్లారేలోపే తలుపు చప్పుడైంది.

తమ్ముడు. నిన్నటి చొక్కాతోనే ఉన్నాడు. మొహంలో నెత్తురు లేదు. చేతిలో కాయితాల కట్ట. మాట్లాడకుండా లోపలికి వచ్చి, పిల్ల ముందు బల్ల మీద ఆ కట్ట పెట్టాడు.

"ఇది నీది" అన్నాడు. "వేరే ప్రతి లేదు. చింపుకో, దాచుకో... నీ ఇష్టం. నేను ఇవ్వను. ఎప్పటికీ."

పిల్ల తల్లి వైపు చూసింది. మడతక్క ఇస్త్రీ బల్ల ఆనుకుని నిలబడింది. నా మాట పనిచేసింది, గీకుతూనే విన్నాడన్నమాట అనుకుంది. ఇప్పుడు చెప్పెయ్యాలి. పైన కూర్చుంది నేనేరా, నీ దెయ్యాన్ని నేనే అని వాడి మొహాన నవ్వెయ్యాలి.

"ఏమైందిరా?" అంది, నవ్వు పెదవి చివర ఆపుకుని.

"అమ్మ మాట్లాడింది."

"ఓహో. ఏమంది?"

"పిల్ల కథ పక్కన పెట్టమంది. నేను... కాయితం తీశానక్కా. అమ్మ గొంతు కదా, ఒక్క ముక్క పోకూడదనిపించింది. చెయ్యి దానంతటదే రాసుకుపోతోంది."

తెలుసు. విన్నాను, అనుకుంది మడతక్క.

"అప్పుడు మళ్లీ మాట్లాడింది."

మడతక్క పెదవి చివర నవ్వు అక్కడే ఆగిపోయింది. "మళ్లీనా?"

"పైన తలుపు మూసిన చప్పుడైంది. తాళం పడింది. ఆ తర్వాత."

ఇస్త్రీ బల్ల అంచు మీద ఆమె వేళ్లు బిగిశాయి. తలుపు మూసింది తను. తాళం వేసింది తను.

"గొట్టంలోంచేనా?"

"కాదు. నా వెనక నుంచి. మెడ మీద ఊపిరి తగిలింది... తడి ఊపిరి. బుస్స్ మని."

"ఏమంది?"

తమ్ముడు పిల్ల వైపు చూశాడు. తర్వాత నేల వైపు.

"'ఆ రాత్రి కూడా ఇలాగే గీకావు కదరా చంటీ' అంది. 'మంచినీళ్లడిగాను. తలుపవతల కలం చప్పుడు వినబడుతూనే ఉంది. లేస్తావనుకున్నాను. మళ్లీ అడిగాను. గీకుడు ఆగలేదు. మూడోసారి... నీకు సరిగా వినబడాలని గట్టిగా అడిగాను' అంది."



"నిద్రపట్టేసిందన్నావు" అంది మడతక్క.

వాడు నేల మీంచి కళ్లెత్తలేదు.

"ఊహ అన్నావు. నిన్న కూడా అంతమందిలో ఊహ అన్నావు."

"ఒక్క వాక్యం అయ్యాక లేద్దామనుకున్నానక్కా. అది అయ్యేలోపు అమ్మ ఇంకో మాట అనేది. ఎంత బాగా అంటోందో... అది కూడా రాసుకుని లేద్దామని..."

మడతక్క తన చేతులు చూసుకుంది. ఇన్నేళ్లు వాడి చొక్కాలు ఇస్త్రీ చేసిన చేతులు. వాడి తల నిమిరిన చెయ్యి కూడా అందులోదే. కొట్టాలనిపించింది. కొడితే అది కూడా రాసుకుంటాడేమో అనిపించింది.

"అక్కా" అన్నాడు వాడు. నాలుక పిడచకట్టుకుపోయి మాట అంటుకుంటోంది. "కాసిని మంచినీళ్లియ్యి."

మడతక్క వింది. కదల్లేదు.

"అక్కా... మంచినీళ్లు."

కుండ ఆమె చెయ్యి అందేంత దగ్గరలో ఉంది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

మూడోసారి వాడు అడగలేదు. అడగడానికి నోరు తెరిచి, ఏం అడగబోతున్నాడో తెలిసి, మూసుకున్నాడు.

చివరికి పిల్లే లేచింది. గ్లాసు ముంచి, తీసుకొచ్చి, మావయ్య చేతిలో పెట్టింది. ఒక్క మాటా అనలేదు. ఆ కాయితాల కట్ట మాత్రం రెండో చేత్తో గుండెకి అదుముకునే ఉంది.

వాడు తల వంచి తాగుతున్నాడు. గటగటా తాగుతుంటే మెడ ముందుకి వాలి, చొక్కా మెడపట్టీ వెనక్కి తిరగబడింది.

ఆ చొక్కా నిన్న పొద్దున తన చేత్తో ఇస్త్రీ చేసింది మడతక్క. మెడపట్టీ లోపలా బయటా, రెండువైపులా. దాని మీద ఒక్క పోగు లేదు. ఇప్పుడు ఉంది.

వంగి చూసింది.

ఎర్రదారం. రెండు కుట్లు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా. కొస కత్తెరతో కోసినట్టు లేదు... పంటితో తెంపినట్టు చీలి, నిక్కి ఉంది.

వేలు పెట్టి చూసింది.

ఇంకా తడిగానే ఉంది.